శత్రువును చావనివ్వని బాబాయిగారు

మా శత్రుబల గణన విభాగానికి పెద్ద అయిన బాబాయిగారికి ఒకటే జబ్బు: శత్రువును చావనిచ్చేవారు కాదు.

యుద్ధరంగం నుంచి ఎవరెన్ని చావులు పంపినా ఆయన దగ్గర బేరమే. వంతెన దగ్గర నాలుగు వందల మందిని మట్టుబెట్టామని ఒక మేజరు ఫోన్ చేస్తే, లెక్కపెట్టింది ముందుకెళ్తూనా, వెనక్కి పరిగెడుతూనా అని ఆరా తీశారు. పొగలో సరిగ్గా కనబడలేదని మేజరు నసిగాడు. బాబాయిగారు దయతలచి పదకొండు రాసుకున్నారు.

మేజర్ల లెక్క ప్రకారం మూడో నెలకే శత్రుసైన్యం రెండుసార్లు సమూలంగా నశించింది. అయినా రోజూ పొద్దున్నే వాళ్ల ఫిరంగులు మా ఆఫీసు కిటికీ అద్దాలు రాల్చేవి. "పోయినవాళ్లకి ఇంత గురి ఎలా కుదురుతోందో కాస్త కనుక్కోండి," అనేవారు బాబాయిగారు, టీలో పడ్డ గాజుపెంకు తీసుకుంటూ.

ఆయన నమ్మేది ఆరేసిన బట్టల్నే. విమానం నుంచి తీసిన ఫొటోల మీద భూతద్దం పెట్టి, దండేల మీది బనియన్లు లెక్కపెట్టేవారు. చచ్చినవాడు బనియను ఉతుక్కోడన్నది ఆయన సిద్ధాంతం.

ఒకరోజు సేనాధిపతి స్వయంగా వచ్చారు. నది అవతలి కొండ మీద శత్రువులు రెండు వందలకు మించి లేరని బాబాయిగారు రాసిస్తే, మర్నాడే మావాళ్లు కొండెక్కుతారు. అందరికన్నా ముందు ఎక్కాల్సిన దళంలో మా తమ్ముడున్నాడు.

బాబాయిగారు ఆ కొండ ఫొటో మీదికి వంగి, చాలాసేపు గొణుక్కుని తలెత్తారు.

"రెండు వేల బనియన్లండి."

భూతద్దంలోకి తొంగి చూడటం సేనాధిపతుల మర్యాద కాదు. "ఒక్కొక్కడికి పదేసి ఉంటాయేమోనయ్యా," అన్నారాయన.

"మనవాళ్లకి ఎన్నిచ్చామండి?"

సేనాధిపతి కిటికీలోంచి బయటికి చూశారు. "ఒకటి."

"అయితే వాళ్ల ప్రభుత్వం సైనికుల్ని మనకన్నా పదింతలు బాగా చూసుకుంటోందని రాస్తాను. కింద తమరు సంతకం పెట్టండి."

సేనాధిపతి టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికల్లా దాడి రద్దయింది.

నిజంగా అంతమంది ఉన్నారా అని బాబాయిగారిని ఆత్రంగా అడిగాను. ఫొటో నా ముందుకు తోశారు. ఈ చివర నుంచి ఆ చివరకి మబ్బే.

"పైన ఎందరున్నారో నాకేం తెలుసురా? కింద మీ తమ్ముడున్నాడని తెలుసు."

ఆ రోజు శత్రునష్టం గడిలో సున్నా వేశారు. మన నష్టం లెక్కపెట్టడం మా విభాగం పని కాదు. అయినా పక్కనే కొత్త గడి గీసి, అందులోనూ గుండ్రంగా ఒక సున్నా చుట్టి, భోజనానికి లేచారు.