యాకన్న చేతికి నేను కట్టిన టేబుల్

నాలుగేళ్లు ఒక మనిషి నా తప్పును తన తప్పే అనుకుని మోశాడు. మోస్తున్నాడని నాకు తెలుసు. రోజూ ఆయన పక్కనే కూర్చుని టీ తాగాను. బరువంతా ఆయన మీదే ఉంటే నాకు తేలిగ్గా ఉండాలి కదా? ఉండలేదు. ఆయన నవ్వినప్పుడల్లా నాలో ఏదో కుంగిపోయేది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు చెప్పను. జరిగింది మాత్రం వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు అనుకూలంగా మాట్లాడుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం.

మాది నీటి అడుగున పనులు చేసే చిన్న కాంట్రాక్టు బృందం. పంపుహౌసుల జాలీలు శుభ్రం చేస్తాం, గేట్లు చూస్తాం, మునిగిన మోటార్లు తీస్తాం. నేను మెకానికల్ డిప్లొమా చేసి ప్లానింగ్ పనిలో చేరాను. డైవర్ ఎంత లోతుకు దిగాలి, ఎంతసేపు ఉండాలి, పైకి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాలి అన్నది ఒడ్డున కూర్చుని లెక్క వేయాలి. యాకన్న మా బృందంలో పెద్ద డైవర్. బూర్గంపాడు మనిషి. గోదావరిలో ఈత నేర్చి, తర్వాత శిక్షణ తీసుకుని ఈ పనిలోకి వచ్చాడు. నన్ను చేరిన రోజు నుంచే తమ్ముడిలా చూశాడు.

లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి నిలిచిపోతుంది. మెల్లగా, ఆగుతూ పైకి వస్తే ఊపిరితో పాటు బయటికి పోతుంది. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. ఎంతసేపు ఆగాలో చేతికున్న డైవ్ కంప్యూటర్ చెబుతుంది. అది పాడైతే చూసుకోవడానికి ప్లాస్టిక్ కార్డు మీద అచ్చువేసిన టేబుల్, అంటే లోతుల, నిమిషాల పట్టిక ఒకటి రెండో చేతికి ఉంటుంది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్లాన్ వేసినవాడే ఆ కార్డును తన చేత్తో డైవర్‌కు కట్టాలి. డైవర్ దాన్ని ప్రశ్నించడు. పూచీ కట్టినవాడిది.

మా దగ్గర రెండు రకాల టేబుళ్లు ఉండేవి. ఒకటి పైకి వచ్చేటప్పుడు చాలాసేపు ఆపుతుంది. దాన్ని పెద్ద టేబుల్ అనేవాళ్లం. రెండోది త్వరగా వదిలేస్తుంది. అది చిన్న టేబుల్. రెండూ సరైనవే, రెండింటినీ నమ్మి దిగేవాళ్లున్నారు. కానీ మా డైవర్లు అడుగున బరువులు లాగుతారు, అలసిపోతారు. అందుకని మనం పెద్దదే వాడాలని కాంట్రాక్టరు సారును పట్టుబట్టి ఒప్పించింది నేనే. ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ రోజు పని కొత్తగూడెం అవతల, అడవి అంచున, బొగ్గు తీసి వదిలేసిన ఓపెన్‌కాస్ట్ గుంతలో. గుంత నిండా వాననీళ్లు. అడుగున ఒక పంపు మునిగి ఉంది. దిగి దానికి ఇనుప తాడు తగిలించి రావాలి. పెద్ద టేబుల్ చెప్పినంతసేపు ఆగాలంటే వీపు మీది సిలిండర్‌లో గాలి చాలదు. ఆగే లోతులో ఇంకో నిండు సిలిండర్‌ను తాడుకు వేలాడదీయాలి. దాన్ని ముందురోజు ఖమ్మంలో నింపించి తెచ్చి తాడుకు కట్టడం నా పని, ఇంకెవరూ చూసేవాళ్లు కాదు.

నేను మర్చిపోయాను.

అంతే. ఆ ఒక్క మాట ఒడ్డు మీద అని ఉంటే పని మర్నాటికి వాయిదా పడేది. సారు అందరి ముందు నాలుగు మాటలు అనేవారు. అంతకు మించి ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కానీ లెక్క తప్పని వాడినని నాకు పేరుంది, ఆ పేరు మీద నాకు మోజు ఉంది. టేబుల్‌ను బట్టి గాలి సిద్ధం చేయాల్సినవాణ్ణి, ఉన్న గాలికి సరిపోయే టేబుల్ వెతుక్కున్నాను. చిన్న టేబుల్ తీశాను. కంప్యూటర్ క్షణక్షణం లోతు చూసి లెక్కిస్తుంది కాబట్టి మరీ అంతసేపు ఆపదు, దానికి గాలి సరిపోతుంది, ఈ కార్డు చూసే అవసరమే రాదు అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని కోరుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కార్డు కడుతుంటే యాకన్న నవ్వాడు. "ఏంది తమ్మీ, గింతసేపు ముడేస్తున్నవ్? నాకేమన్న పెండ్లి కంకణం కడుతున్నవా?"

నేనూ నవ్వాను.

అడుగున కంప్యూటర్ తెర చీకటైపోయింది. ఆయన కంగారు పడలేదు. కార్డు చూసుకున్నాడు, అందులో ఉన్నంతసేపు ఆగాడు, పైకి వచ్చాడు. పంపుకు తాడు పడిందని అందరం సంతోషించాం. గంట తిరక్కముందే భుజం గుంజుతోందన్నాడు. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆక్సిజన్ పెట్టి బండి ఎక్కించాం. ఒంట్లోని బుడగలు కరిగించే ఒత్తిడి గది ఉన్న దవాఖానా ఎక్కడో సముద్రతీరం వైపు. ఎక్కించే ముందు ఆయన రబ్బరు సూట్ విప్పింది నేనే. కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

బండిలో మాస్కు పక్కకు జరిపి నన్ను పిలిచాడు.

"తమ్మీ, నువ్వు కట్టిన కార్డే చూసిన. ఒక్క నిమిషం గూడ తక్కువ చెయ్యలే."

"అవ్ అన్నా."

"మరి గిట్లెందుకయింది?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"నిన్న మా బామ్మర్ది ఇంట్ల ఇంత ఇప్పసారా తాగిన. గదే అయుంటది. మీ వదినకు చెప్పకు, సంపుతది నన్ను."

"చెప్పనన్నా."

ఆ మాట ఇచ్చి రెండు రోజులు కూడా నిలబెట్టుకోలేదు. ఏ టేబుల్ కట్టావని సారు అడిగారు. పెద్దదే అన్నాను. మరి ఎందుకయిందన్నారు. ముందురోజు తాగాడట అన్నాను. ఆ మాట బృందమంతా పాకి, యాకన్న ఇంటికీ చేరింది.

ఆయన బతికాడు. నడుస్తున్నాడు. అందుకు నేను ఎవరికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో చెప్పలేను. కానీ ఎడమచేతి పట్టు పూర్తిగా రాలేదు. తాగి దిగేవాడన్న ముద్ర పడింది. సారు ఆయన్ను మళ్లీ నీళ్లలోకి దింపలేదు. దిగినవాళ్ల నడుముకు కట్టిన తాడును ఒడ్డున పట్టుకునే పని ఇచ్చారు.

పెద్ద టేబుల్ కట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదా? టేబుల్ ప్రకారం వచ్చినా ఒక్కోసారి ఇలా అవుతుందని డాక్టరు అన్నాడు. సారా కూడా కొంత కారణం కావచ్చు. ఈ రెండు వాక్యాల వెనక నేను చాలాకాలం దాక్కున్నాను. నిజమే, కారణం నేను నిరూపించలేను. కానీ సిలిండర్ మర్చిపోయింది ఎవరు? కార్డు మార్చింది ఎవరు? అబద్ధం చెప్పింది ఎవరు? వీటికి డాక్టరు అక్కర్లేదు.

ఆ తర్వాత కూడా ఆ మనిషి నాకేం చేశాడో చెప్పాలి. "పైన కూసొని లెక్కలేస్తే నీళ్లెట్ల తెలుస్తయి" అని నన్ను వెంటబడి డైవర్‌ను చేశాడు. వదిన కట్టిచ్చిన టిఫిన్‌లో సగం నాకు పెట్టాడు. ఒకసారి పంపుహౌసు దగ్గర బురద నీళ్లలో పాత వలకు చిక్కుకున్నాను. నేను సైగ చేయలేకపోయాను. తాడు కదలిక తేడాగా ఉందని పైనుంచి ఆయనే పసిగట్టి మనిషిని దింపించాడు. పట్టు తగ్గిన ఆ చెయ్యే నన్ను బతికించింది. ఇంత కృతజ్ఞత ఉన్న చోట అంత అబద్ధం ఎలా ఇమిడింది? ఇమిడింది. ఇరుగ్గా.

పోయిన నెల కొత్తగా చేరిన డైవర్ ఒకతను భోజనాల దగ్గర ఒక కథ చెప్పాడు. ఎక్కడో బొగ్గు గుంతలో ఒకడు తాగి దిగి చెయ్యి పోగొట్టుకున్నాడట, వేరే బృందం వాళ్లు చెప్పారట. యాకన్న పకపకా నవ్వాడు. "వాడు నేనే బిడ్డా. చూస్కో, అందుకే తాగకున్రి." అందరూ నవ్వారు. నేను కంచం తీసుకుని లేచాను.

ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన తాడు చుట్టుకుంటున్నాడు. నేను చెబుతున్నంతసేపూ చుడుతూనే ఉన్నాడు. సిలిండర్, కార్డు, బండి, సారుతో అన్న మాట, అన్నీ చెప్పాను. చుట్టడం పూర్తయ్యాక ఒక్క మాటే అన్నాడు. "మీ వదినకు చెప్పు. తాగనని ఒట్టేసి తాగి చెయ్యి పాడుచేస్కున్నవని ఏడాది నాతోని సక్కగ మాట్లాడలే."

మర్నాడు వెళ్లాను. వదిన వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిలబడే చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"నాలుగేండ్ల సంది మా ఇంట్ల తిన్నవ్ గదా?" అంది.

"అవ్ వదినా."

కూర్చోమనలేదు, పొమ్మనలేదు. యాకన్న గడపలో నిలబడి విన్నాడు గానీ నా తరఫున మాట్లాడలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆయన మీద ఇంకో పని పెట్టినట్టు అనిపించింది. మధ్యలో ఆపకుండా ఇద్దరూ చివరిదాకా విన్నారు. అంతటి దయకు నేను తగనని తెలుసు, అయినా తీసుకున్నాను.

సారుకూ చెప్పాను. నన్ను ప్లానింగ్ నుంచి తప్పించారు. డైవర్‌గా ఉండనిచ్చారు. నేను దిగినప్పుడు తాడు ఇప్పటికీ యాకన్నే పడుతున్నాడు. పనికి కావలసిన మాటలే మాట్లాడుతున్నాడు. తమ్మీ అని పిలవడం లేదు.

కానీ ఆ కథ మా చేతుల్లో లేదు. ఒక పని నుంచి ఇంకో పనికి, ఒక బృందం నుంచి ఇంకో బృందానికి తిరుగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కడైనా మీ చెవిన పడితే ఇలా సరిదిద్ది చెప్పండి: ఆ డైవర్ తన చేతికి కట్టిన కార్డు ప్రకారం ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. ప్లాన్ వేసినవాడు సిలిండర్ మర్చిపోయి చిన్న టేబుల్ కట్టాడు, పెద్దది కట్టానని అబద్ధమాడాడు. వాడు నేనే.