ఆనవాలు చెప్పని బ్లాగు

బస్‌స్టేషన్‌లో పోయిన సామాన్ల గది చూసుకునే ఆవిడను డిపోలో అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు. పోలీసు శాఖకీ ఆవిడకీ ఏ సంబంధమూ లేదు. గొడుగు పోయిందని వచ్చిన మనిషిని ఆవిడ అడిగే తీరు అలాంటిది. రంగేమిటి, పిడి ఎలా ఉంటుంది, ఏ కమ్మీ వంగింది, చివరిసారి ఎప్పుడు తడిసింది, అన్నీ ఆరా తీసి, కళ్లజోడు పైనుంచి మరోసారి చూసి, అప్పుడు గానీ గొడుగు ఇచ్చేది కాదు. ఈలోగా సొంతదారుకే అది తనదేనా అన్న అనుమానం పట్టుకునేది. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆవిడ హయాంలో ఒక్క వస్తువూ పరాయి చేతికి పోలేదు.

ఆ గదికి ఒక నియమం ఉంది. దొరికిన వస్తువు ఎలా ఉంటుందో మనం చెప్పకూడదు, పోగొట్టుకున్నవాళ్లే చెప్పాలి. ఆవిడ దాన్ని ప్రాణంతో సమానంగా పాటించేది.

ఆ నెల మేనేజరు రెండు కబుర్లు మోసుకొచ్చాడు. నెలాఖరుకి అరలు ఖాళీ చేయాలి, ఎవరూ రాని సామాను తుక్కు కొనేవాడికి వెళ్లిపోతుంది. ఇది మొదటిది. లైబ్రరీ మేడ మీద బ్లాగులు రాయడం, ఫొటోలు పెట్టడం నేర్పుతున్నారు, ఈ విభాగం నుంచి ఆవిడే వెళ్లాలి. ఇది రెండోది.

గొడుగులు, ఒంటి చెప్పులు పోతే పోయాయి, ఆవిడకు బెంగ లేదు. పై అరలో ఉన్న ఒక గుడ్డసంచి మాత్రం మనసును తొలిచేసేది. అందులో వడ్రంగి పనిముట్లు ఉన్నాయి. ఎవరో బస్సులో మరిచిపోయి దిగిపోయారు. పనిముట్లు పోయిన వడ్రంగి అంటే చేతులు కట్టేసిన మనిషే. అవి తుక్కులో కలుస్తాయన్న ఊహకే ఆవిడకు ముద్ద దిగడం లేదు.

"ఈ వయసులో నాకు బ్లాగులేంటండీ?" అంది ఇంటికొచ్చి.

"వెళ్లు, వెళ్లు. అక్కడైనా నిన్ను ఎవరో ఒకరు ప్రశ్నలడుగుతారు. ఎలా ఉంటుందో తెలుస్తుంది," అన్నాడు భర్త. ఆయన అదే డిపోలో మెకానిక్కు.

మౌసు ఆవిడ మాట వినడానికే ఒక క్లాసు పట్టింది. బాణం గుర్తు ఒకచోట, ఆవిడ చూపు ఇంకోచోట. పాఠం చెప్పే అమ్మాయి ఓపిక గలది, కసురుకోకుండా చేయి పట్టి దిద్దించినట్టు నేర్పింది. బ్లాగుకి పేరు పెట్టడం, ఫొటోలో అక్కర్లేని భాగం కత్తిరించడం, లింకు నలుగురికీ పంపడం, ఒక్కొక్కటే వచ్చాయి. ఎవరికి వాళ్లు సొంతంగా ఒక పోస్టు రాసి తీసుకురమ్మంది.

ఇన్‌స్పెక్టరమ్మ రాసింది. ఆ అమ్మాయి దాన్ని గోడ మీది తెర మీద వేసింది.

"ఒక సంచి దొరికినది. సంచి రంగు చెప్పబడదు. అందులోని వస్తువుల వివరములు చెప్పబడవు. తమదని భావించువారు గదికి వచ్చి, తగిన ఆనవాళ్లు చెప్పి తీసుకుపోవలెను."

కింద ఫొటో కూడా ఉంది. తాళం వేసిన బీరువా తలుపుది.

క్లాసంతా గొల్లుమంది. పక్కన కూర్చునే బేకరీ ఆయన కళ్లు తుడుచుకుంటూ, "ఇది చదివాక ఆ సంచి నాదేనేమో అనిపిస్తోందండీ," అన్నాడు. ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది. మళ్లీ ఈ మెట్లెక్కితే ఒట్టు అనుకుంది.

క్లాసయ్యాక ఆ అమ్మాయి దగ్గరికొచ్చి కూర్చుంది. "ఆంటీ, సంచి గురించి చెప్పకూడదంటే మానేయండి. పోగొట్టుకున్నాయన గురించి రాయండి."

"నేనాయన్ని చూస్తేగా?"

"సంచిని చూశారుగా."

మర్నాడు గదిలో జనం లేనప్పుడు ఆవిడ సంచి దించి, పనిముట్లను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ వాటిని కాపలా కాసిందే తప్ప, నిదానంగా చూసింది లేదు. ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లి రాసింది:

"అన్నా, మీది ఎడమచేతి వాటం అనుకుంటాను. ఉలి పిడి మీద మీ బొటనవేలు ఆనించే చోట గుంట పడింది, నా వేలు అందులో కుదురుకోలేదు. రంపం పళ్లకి గుడ్డ చుట్టి మరీ దాచారు. ఇంత శ్రద్ధ గల మనిషి సంచి మరిచిపోయారంటే, ఆ రోజు ఏదో కంగారులో ఉండి ఉంటారు. మీ ఉలి తుప్పు పట్టకుండా నూనె రాశాను. నెలాఖరు లోపల రండి. ఆ తర్వాత నా చేతిలో లేదు."

ఈసారి ఉలి ఫొటో పెట్టింది. సంచి అడుగున ఉన్న ఒక్క వస్తువును మాత్రం దాచింది, పాత అలవాటు ఎక్కడికి పోతుంది? గట్టిగా కళ్లు మూసుకుని పబ్లిష్ నొక్కింది.

ఆటపట్టించిన భర్తే క్యాంటీన్లో డ్రైవర్లందరికీ చదివి వినిపించాడు. డ్రైవర్లు దాన్ని ఊరూరా తిప్పారు. సంచి మాదేనంటూ కొందరు వచ్చారు కూడా, అడుగున ఏముందో అడిగితే నీళ్లు నమిలి జారుకున్నారు. అసలు మనిషి మాత్రం రాలేదు. నెలాఖరు రోజున తుక్కు బండి వచ్చి గుమ్మంలో ఆగింది. ఆవిడ సంచిని తన కుర్చీ కిందకి తోసేసి, పైన చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఉద్యోగంలో మొట్టమొదటి దొంగతనం.

తుక్కు బండి అలా కదిలిందో లేదో, ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి తటపటాయిస్తూ నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీసి చూపించాడు. ఎడమచేత్తో. "ఇది రాసినావిడ లేరాండీ?"

"నేనేనండీ."

ఆయన ఆవిడ మొహం చూశాడు, ఫోను చూశాడు, మళ్లీ మొహం చూశాడు. నమ్మినట్టు లేడు.

"నేను రాయనిది ఒకటుంది సంచిలో," అందావిడ. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"చెక్క బాతండీ. మా మనవరాలి కోసం చెక్కుతున్నాను. ఒక కన్నే అయింది."

ఆవిడ సంచి తీసి కిటికీలోంచి ఇచ్చింది. ఆయన ఉలి బయటకు లాగాడు, బొటనవేలు గుంటలో ఒదిగిపోయింది. ఆవిడకు కడుపు నిండినట్టయింది. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడగకుండా ఉండలేకపోయింది.

"వచ్చానండీ, పోయిన వారమే," అన్నాడాయన తల దించుకుని. "అప్పుడు మీరు నా ముందాయన్ని ఫ్లాస్కు గురించి అడుగుతున్నారు. ఆయనకు చెమటలు పట్టేశాయి. నన్నూ దొంగననుకుంటారేమోనని వెనక్కెళ్లిపోయాను. ఇది చదివాక ధైర్యమొచ్చింది. ఇంత మంచావిడ ఉన్న చోటికి వెళ్లడానికి భయమెందుకని."

ఆవిడకు సిగ్గేసింది. వారం రోజులపాటు ఆ సంచికీ ఆ మనిషికీ మధ్య అడ్డం నిలబడింది తనే. కళ్లజోడు తీసి తుడుచుకుంది, తుడుస్తూ ఉండగానే నవ్వొచ్చేసింది.

"ముందున్నావిడ కొంచెం గట్టిదిలెండి. ఇప్పుడు ఆవిడ బదులు నన్ను వేశారు," అంది.

ఆయన ఒక్క క్షణం అయోమయంగా చూసి, ఆ తర్వాత పకపకా నవ్వాడు.