నా పేరున్న గొప్పవాళ్ళు

మా ఊళ్ళు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో బీదర్ చుట్టుపక్కల నా పేరుకు చాలా ప్రతిష్ఠ ఉండేది. అందులో నా వాటా ఏమీ లేదు. ఆ పేరున్న దుబల్గుండి ఊరి పహిల్వాన్ కుస్తీకి దిగుతున్నాడంటే ధాన్యం బజారైన గాంధీ గంజ్‌లో హమాలీలు మోస్తున్న బస్తా అక్కడే దించి పరుగెత్తేవారు. అదే పేరుతో నిర్ణా అనే ఊళ్ళో ఒక పెద్దాయన విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. మూడోవాణ్ణి నేను, గంజ్‌లో కంది బస్తాల మీద కుంచెతో గుర్తులు వేసేవాణ్ణి. నన్ను అందరూ ‘రంగుడబ్బా’ అనేవారు కనుక అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు.

ఒకరోజు బస్తాల మీంచి జారిపడ్డాను. కుడి భుజం కీలు తప్పింది. కుంచె పట్టే చెయ్యి అదే. అది లేవకపోతే పొయ్యి వెలగదు. నొప్పితో నిర్ణా పెద్దాయన పేరే అరిచాను.

“పహిల్వాన్‌ను పిలువుమంటుండు!” అని హమాలీలు హోటల్లో చాయ్ తాగుతున్న ఆయన్ని లాక్కొచ్చారు.

కబురు విని మా ఆవిడ పరుగున వచ్చింది. “ఈయన గాదన్నా, కట్టు కట్టేటాయన!”

“పేరు చెప్పక్కా.”

“మా ఆయన పేరే.”

“గాయన పేరేంది?”

భర్త పేరు నోటితో పలకని ఆడవాళ్ళ కాలం అది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పహిల్వాన్‌ను చూపించింది. “ఈ అన్న పేరే!”

పహిల్వాన్ నవ్వాడు. “సమజైందక్కా. నా ఎముకలల్ల సగం ఆ పెద్దయ్య అతికినయే.” నన్ను చంటిపిల్లాడిలా ఎత్తి, అటువైపు పోయే లారీలో పడుకోబెట్టి, మా ఆవిడతో పాటు తానూ ఎక్కాడు.

నిర్ణాలో పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. “బిగవట్టకు తమ్మీ. గిట్ల గుంజితే నరం తెగుతది, ఇగ చెయ్యి లేవది.”

ఆ మాటకు ఇంకా బిగుసుకుపోయాను. పహిల్వాన్ జోకొట్టినా బిగువు వదలలేదు. అప్పుడు మా ఆవిడ వెనకనుంచి గట్టిగా ఆ పేరు పెట్టి అరిచింది.

ముగ్గురం ఒకేసారి “ఆఁ?” అన్నాం. పెళ్ళైనప్పటినుంచీ ఆ గొంతులో నా పేరు వినలేదు. నోరు తెరుచుకుంది, భుజం వదులైంది. కీలు ‘టక్’మని కూర్చుంది. జవాబిస్తూనే పని ముగించిన ఆ పెద్దాయన చేతులకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

తిరుగు దారిలో మురిసిపోతూ అడిగాను, “నన్నేనా పిలిచినవ్?”

“నీ పేరు నేనెట్ల తీస్తనయ్యా? పెద్దయ్యను పిలిచిన.”

“అయ్యో, నన్నేమో అనుకొని మస్తు ఖుషీ అయిన గదక్కా!” అన్నాడు పహిల్వాన్.

కట్టు విప్పాక చెయ్యి మళ్ళీ కుంచె పట్టింది. ఆ పేరు మాత్రం మళ్ళీ ఆమె నోట రాలేదు. వాళ్ళిద్దరిలో ఎవరి మాట వచ్చినా “నీ పేరాయన” అంటుంది. అంతటి మనుషుల మీద నా గుర్తు వేసింది లోకంలో ఆమె ఒక్కతే.