లోవలక్ష్మి గాజుపలకలు

లోవలక్ష్మి కష్టపడి సాధించిన మొదటి విజయం ఒక వేలు. వాళ్ళమ్మ ఎడమచేతి ఉంగరపువేలు. 2016 నవంబరులో, సికింద్రాబాదు కార్ఖానా పేటలో వేలిముద్రలు నమోదు చేసే కేంద్రానికి నాలుగోసారి వెళ్ళినప్పుడు, ఆ వేలు ఆనించగానే మిషను మీద పచ్చదీపం వెలిగింది. నేను పక్కనే ఉన్నాను.

వాళ్ళమ్మ అచ్చియమ్మ నా చెల్లెలు. పలాస అవతల మా ఊళ్ళో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో అప్పటికే ఆమెది ఇరవై ఆరేళ్ళ పని. పిక్క పెంకులోంచి కారే చమురు చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా, కొన్నాళ్ళకి వేళ్ళ మీది గీతలు చెరిగిపోతాయి. గీతల్లేని వేలు ఎవరిదో రేషను మిషనుకి తెలియదు. మూడు నెలలు బియ్యం అందలేదు. కూతురు తల్లిని సికింద్రాబాదు పిలిపించి, పదిహేను రోజులు పనికి దూరంగా ఉంచి, చేతులకి కొబ్బరినూనె పట్టించి, ఒక్కొక్క వేలే మిషను మీద పెట్టించింది. తొమ్మిది వేళ్ళు ఓడిపోయాయి. పదోది గెలిచింది.

"ఇదొక్కటే ఎందుకొచ్చినాదే?" అని అచ్చియమ్మ కూతుర్ని అడిగింది.

లోవలక్ష్మి ఆ ప్రశ్నకి జవాబు కనిపెట్టి, దాన్నొక పరిశోధన పత్రికలో అచ్చువేయించడానికి ఈ తొమ్మిదేళ్ళుగా తిరుగుతూనే ఉంది.

మన ఉత్తరాంధ్ర సంఘం సంచికకి, ఇక్కడికొచ్చి నిలదొక్కుకున్న మనవాళ్ళలో ఒకరి గురించి ఏటా నేనే రాస్తున్నాను. ఇది పద్దెనిమిదోది. నేను చదివింది మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి. ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఏడు బళ్ళకీ లెక్కల్లో నేనే మొదటివాణ్ణి. పంతొమ్మిదో ఏట ఒక దుప్పటి, ఒక చెంబుతో సికింద్రాబాదులో దిగాను. తిరుమలగిరిలో మిలటరీవారి మరమ్మతు కర్మాగారంలో హెల్పరుగా చేరి, ఫిట్టరునై, చార్జిమనునై, నలభై ఏళ్ళు చేశాను. నేను తయారుచేసిన ఒక బిగింపు పట్టీకి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారని విన్నాను. యాప్రాల్‌లో రాళ్ళు తప్ప మనుషుల్లేని రోజుల్లో ఇల్లు కట్టాను. మా ఊరివాళ్ళు పంతొమ్మిది మందిని తెచ్చి ఉద్యోగాల్లో పెట్టాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్ళో నా మాటకి విలువ ఉండేది. ఆ విలువే పిల్లని ఇబ్బందిలో పడేసింది.

లోవలక్ష్మి మా మేడమీది గదిలోనే ఉంటుంది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, సికింద్రాబాదులో ఒక ఆడపిల్లల డిగ్రీ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తోంది. కప్పల ఎముకలూ, గాజుపలకల మీది దోమకాళ్ళూ పిల్లలకి అందించే పని. సాయంత్రాలు పీహెచ్‌డీ. గైడు మేడం ఏం చేస్తావని అడిగితే తల్లి వేలి సంగతి చెప్పింది. చేతులకి పని ఆపితే గీతలు ఎన్నాళ్ళకి తిరిగొస్తాయి, ముందుగా ఏ వేలికి వస్తాయి అన్నదే ఆమె పరిశోధన. ఇంగ్లీషులో దానికి రెండు వరుసల పేరుంది.

షెడ్డు ఏటా బాయిలరు తనిఖీకని కొన్నాళ్ళు ఆగుతుంది. 2021లో అలా ఆగబోయే ముందు పిల్లా నేనూ కలిసి వెళ్ళాం. నలభైముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. లోవలక్ష్మి సంచిలోంచి కాగితాలు తీయగానే సగం మంది లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు లేచింది రోసమ్మ. నాకు మరదలి వరస.

"ఓలమ్మా, కాయితం మీద ఏలు నానెట్టను. మా అయ్య ఒక్కపాలి ఎట్టినాడు, తోట ఎల్లిపోనాది."

నిజమే. చాలా ఏళ్ళ క్రితం జీడితోటలు కొలుస్తామంటూ వచ్చినవాళ్ళు వేలిముద్రలు తీసుకెళ్ళారు. ఏడాది తిరక్కుండా పదకొండు ఇళ్ళవాళ్ళ తోటలు వేరే పేర్ల మీదికి మారిపోయాయి. అప్పటినుంచి మా ఊళ్ళో ఆడవాళ్ళు కాగితం మీద వేలు పెట్టరు.

నేను లేచాను. "ఏ కాగితం మీదా మీరు వేలు పెట్టక్కర్లేదు. సంతకాలూ అక్కర్లేదు. నోటిమాట చాలు. పూచీ నాది" అన్నాను.

"సన్యాసి బావ మిలటరీ ఫేట్రీలో సేసినోడు, అబద్ధమాడతాడేటి" అంది రోసమ్మ. "ఆడినాడంటే మటుకు మల్లీ ఊళ్ళోకి రానిస్తామేటి!"

అందరూ నవ్వి కూర్చున్నారు. లోవలక్ష్మి నా చెవిలో, "మావయ్యా, కాగితం ఉండాలి" అంది. "కాగితం వద్దు, నీ గాజుపలకలున్నాయిగా" అన్నాను. ఆ ఉపాయం నాదే. వేళ్ళకి పెన్సిలుముక్కు పొడి రాసి, అంటుకునే టేపుతో ముద్ర ఎత్తి, దాన్ని గాజుపలక మీద అతికించింది. మనిషికి మూడు పలకలు, అయిదు విడతలు. మొత్తం ఆరువందల నలభైఅయిదు. పలకలు నిలబడేలా లోపల గాడులు కోసి టేకుపెట్టెలు ఏడు చేశాను. పగిలినవి రెండే, అవీ రైల్లో. మొదటి పలక అచ్చియమ్మది.

రెండేళ్ళు భూతద్దం కింద ఆ గీతలు లెక్కపెట్టింది. తేలిందేమిటంటే, పిక్కని కత్తి కింద పట్టేది ఎడమచేతి మొదటి మూడు వేళ్ళు, మీట లాగి పప్పు తీసేది కుడిచెయ్యి. ఎడమ ఉంగరపువేలు ఎడంగా ఉంటుంది. పని ఆపితే తొమ్మిదో రోజుకి దానికి గీతలొస్తాయి. బొటనవేలికి మూడు వారాలు దాటినా చాలదు. నాలాంటివాడికీ అర్థమయ్యే సంగతి. మిషను ముందు బొటనవేలు కాకుండా ఆ వేలు అడిగితే చాలు.

అచ్చువేయించడం మాత్రం అర్థమయ్యే సంగతి కాదు. వ్యాసాన్ని ఒకసారికి ఒక పత్రికకే పంపాలట. వాళ్ళు కాదనేదాకా ఇంకొకరికి పంపకూడదట. బొమ్మలు ఇంత సైజుండాలి, మాటలు ఇన్నే ఉండాలి, రాసినవాళ్ళ పేరు లోపలెక్కడా కనబడకూడదు. కృతజ్ఞతల్లో నా పేరు రాసింది, ప్రస్తుతానికి అదీ తీసెయ్యమన్నారు. ప్రతి పత్రికకీ కొలతలు వేరు. ఆ కొలతలన్నీ కుదిర్చేది కార్ఖానాలో జిరాక్సు కొట్టు నడిపే హరికిషన్.

మొదటి పత్రిక నాలుగు గంటల్లో తిప్పిపంపింది. ఆ సాయంత్రం కొట్టుకి మేమిద్దరం వెళ్ళాం.

"ఏందక్కా, అప్పుడే వాపసొచ్చిందా?"

"వచ్చింది తమ్మీ. మా పత్రిక పరిధిలోది కాదన్నారు."

"నాలుగు గంటలల్ల సదివిన్రా? గాళ్ళు మనుషులా, స్కానర్లా?"

"చదవలేదనుకుంటా."

"పరేషాన్ గాకక్కా. ఇంకోటి చూద్దాం. జెర గా స్టూల్ మీద కూసో, సార్‌ను సుత కూసోమను."

రెండో పత్రిక పదకొండు నెలలు ఉంచుకుని మూడు వరుసల్లో కాదంది. మూడోది ఇంగ్లీషు బాగోలేదంది. కళాశాలలో ఇంగ్లీషు మేడంకి చూపించి దిద్దించుకుని పంపితే, ఈసారి విషయమే కొత్తది కాదంది. ప్రతిసారీ వ్యాసం విప్పి, బొమ్మల సైజులు మార్చి, పుస్తకాల పట్టికని ఇంకో వరసలో కూర్చి, మళ్ళీ కుట్టాలి. ఒకరోజు హరికిషనే, "నాకిప్పుడు మీ పేపరు మొత్తం కంఠస్థం ఐందక్కా, నాకిచ్చేయమను డాక్టరేటు" అన్నాడు. లోవలక్ష్మి నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక తెచ్చుకోవాల్సి వచ్చినట్టుంది. ఇంటికొచ్చి మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"నిద్ర రావట్లేదు మావయ్యా. ఊరికే కూర్చోవాలనుంది" అంది.

నేనూ పక్కన కూర్చున్నాను. డెబ్భై నాలుగేళ్ళవాణ్ణి, ఆ మెట్ల మీంచి లేవడానికి ఆమే చెయ్యి అందించాల్సి వచ్చింది.

నాలుగో పత్రిక ఈ ఏప్రిల్‌లో కాదనలేదు. సవరించి జూన్ పద్దెనిమిదిలోగా పంపితే మళ్ళీ చూస్తామంది. గడువు దాటితే వ్యాసం మూసేసినట్టే. విశ్వవిద్యాలయం ఇచ్చిన పొడిగింపు సెప్టెంబరు ఆఖరుకి అయిపోతుంది. ఒక పత్రికైనా ఒప్పుకున్నట్టు ఉత్తరం లేకపోతే సిద్ధాంతగ్రంథం తీసుకోరు, తొమ్మిదేళ్ళూ పోయినట్టే. ఆ రోజు వంటింట్లో నిలబడి సమీక్షకుల మాటలు తెలుగులో చెప్పింది.

"ఒకాయన గ్రాఫులు మార్చమన్నాడు. అది పర్వాలేదు. రెండో ఆయన, ముద్రలు కాగితం మీద కాకుండా గాజు మీద ఎందుకు తీశారు, ఈ ఆడవాళ్ళు ఒప్పుకున్నట్టు రాతపూర్వకమైన ఆధారం ఏదీ అని అడిగాడు. సంతకమో, వేలిముద్రో, దాని పక్కన సాక్షి సంతకమూ. నలభైముగ్గురివీ."

"నేనున్నానుగా సాక్షి. నా పేరు రాయి."

"అలా కుదరదు మావయ్యా."

"ఎవరే ఆయన? ఎక్కడుంటాడు?"

"తెలీదు. ఆయన పేరు మనకి చెప్పరు, మన పేరు ఆయనకి చెప్పరు."

"పేరు లేని మనిషి మాట చెల్లుతుంది, పేరున్న నా మాట చెల్లదా?"

లోవలక్ష్మి నాకేసి చూసింది. కోపంగా కాదు. "ఆయన అడిగింది తప్పు కాదు మావయ్యా. రోసమ్మత్త తోట పోయింది ఎందుకు? అడిగి, రాసి, ఒక నకలు వాళ్ళ నాన్న చేతికివ్వకే కదా" అంది.

అప్పటికే ఆ గాజుపలకల ఉపాయం నాదేనని పద్దెనిమిది మందికి చెప్పుకున్నాను. వాళ్ళలో ఈ సంచికకి అట్టవేసే ఆయన కూడా ఉన్నాడు.

మే ఇరవైన ఊరెళ్ళింది. చదువుకున్న పన్నెండుగురు సంతకాలు పెట్టారు. ముప్పైఒక్కరు వేలు పెట్టబోమన్నారు. ఇరవైతొమ్మిదిన షెడ్డు భోజనాల వేళ ఫోను చేసి, స్పీకరులో పెట్టింది.

"బావా, ఇనపడతందా?" రోసమ్మ గొంతు.

"వినబడుతోంది చెప్పు."

"నాలుగేళ్ళ కింద ఈ షెడ్డులోనే నిలబడి ఏటన్నావు?"

"కాగితం మీద వేలు పెట్టక్కర్లేదన్నాను."

"మరి నీ మేనకోడలు కాయితాలట్టుకొచ్చినాది. మేం ఎవుల మాటినాల?"

"దాని మాటే వినండి."

"అయితే అప్పుడు నువ్వు అబద్ధమాడినావా?"

నలభై ఏళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరు ముందూ నాకు తెలీదన్న మాట అనలేదు. "అబద్ధం కాదు రోసమ్మా. నాకు తెలీదు. తెలీకుండా పూచీ ఉన్నాను. తప్పు నాది, పిల్లది కాదు" అన్నాను.

"బిగ్గరగా సెప్పు బావా, ఎనకున్నోళ్ళకి ఇనపళ్ళేదు."

మళ్ళీ చెప్పాను. యాప్రాల్‌లో మా వరండాలో నిలబడి, పక్కింటివాళ్ళు కూడా తలుపు తీసి చూసేంత గట్టిగా చెప్పాను. అక్కడ ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు.

"ఇన్నారేటర్రా? మిలటరీవోడు తప్పొప్పుకున్నాడు" అంది రోసమ్మ. "పిల్లా, ఆ కాయితం రెండుపాల్లు సదువు. ఒకటి నాకాడుండాల."

నాకు వినబడుతూనే ఉంది. లోవలక్ష్మి చదివింది. మళ్ళీ చదివింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, మీ పేరు ఎక్కడా రాదు, ఈ కాగితంతో మీ భూమికీ ఇంటికీ సంబంధం లేదు అన్నచోట ఎవరో మూడోసారి చదవమన్నారు. చదివింది. రోసమ్మ వేలికి సిరా రాసుకుని కాగితానికి అద్దినట్టుంది.

"ఏలు ఎట్టమంటే ఎట్టినాను గానీ, ఇది ఏలా బావా, సట్టి మసా?"

అచ్చియమ్మ ఫోనందుకుని, "అన్నయ్యా, అందరివీ అంతే. ఒట్టి మచ్చలు. గీతన్నది లేదు" అంది.

లోవలక్ష్మి ఫోను తీసుకుని, "నా వ్యాసంలో నేనే రాశాను కదా మావయ్యా, ఈ వేళ్ళకి ముద్ర పడదని. అయినా బొటనవేళ్ళే అడగడానికి వచ్చేశాను చూడు" అంది.

ఉంగరపువేలి ముద్ర చెల్లుతుందా అని ఆ సాయంత్రమే పత్రిక సంపాదకుడికి రాసింది. రెండురోజులకి ఒకే వాక్యం జవాబొచ్చింది. గీతలు కనబడితే ఏ వేలైనా సరే, ఏ వేలో రాసి సాక్షి సంతకం పెట్టించండి అని.

షెడ్డు మేస్త్రీకి నేనే ఫోను చేశాను. ఈ ఏడు బాయిలరు జూన్ అయిదు సాయంత్రం ఆపుతామన్నాడు. పైపుల్లో మట్టి, పది రోజులు పడుతుందన్నాడు. బాయిలరు సంగతి నాకు చెప్పక్కర్లేదు, అన్ని రోజులు ఖచ్చితంగా పడుతుంది. కళాశాలకి సెలవు పొడిగించమని ఆమె రాసి పంపిన ఉత్తరం నేనే పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాను.

ఈ మాటలు రాస్తున్నది జూన్ ఎనిమిదిన. షెడ్డు ఆగి మూడు రోజులైంది. కొందరు ఇళ్ళలో పప్పు మీది పొట్టు తీస్తారు, దానికీ చెయ్యి పెట్టొద్దని ఆమె ఇంటింటికీ తిరుగుతోందట. అచ్చియమ్మ కొబ్బరినూనె సీసా పట్టుకుని వెనకాలే వెళుతోందట. రోసమ్మ రోజూ ఎడమచెయ్యి చాపి, "సూడు, మొలిసినాయా?" అని అడుగుతోందట. నిన్న ఫోనులో లోవలక్ష్మి, "ముప్పైఒక్కటీ వస్తాయో లేదో తెలీదు మావయ్యా, కాళ్ళు లాగుతున్నాయి" అంది. నేను ధైర్యం చెప్పలేదు. చెప్పిన మాటలకి పూచీ ఉండాలి కదా.

సంఘంవాళ్ళు సంచిక ప్రెస్సుకి పదో తేదీన ఇవ్వాలన్నారు. ఫలితం తేలాక రాయమని సలహా ఇచ్చారు కూడా. తేలకపోయినా ఈ పిల్ల గురించే రాస్తానన్నాను.

తొమ్మిదో రోజు పద్నాలుగు. ఆ రోజు ఉంగరపువేళ్ళ ముద్రలు తీసుకుంటుంది. పదిహేను సాయంత్రం పలాసలో రైలెక్కుతుంది. కాగితాలు స్కాను చేయడానికి హరికిషన్ పొద్దున్నే కొట్టు తెరుస్తానన్నాడు. ఈ మధ్య స్టేషనులో పనులు జరుగుతున్నాయి, రైలు సికింద్రాబాదు దాకా వస్తుందో చర్లపల్లిలోనే దింపేస్తారో కనుక్కోవాలి. ఎక్కడ దిగినా నేను వెళతాను. దిగేది జూన్ పదహారు, సోమవారం.