ముహర్రం గడిలో నా పేరు

మేము పోస్టుకు చేరింది జూన్ రెండో వారంలో, పగలు పదకొండు గంటలకు. బేస్ నుంచి ఏడు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోల బరువు, చేతిలో రైఫిల్. ఎత్తు పదమూడు వేల అడుగులు. ఆ నెలలో కూడా బంకర్ల వెనక మడమ మునిగేంత మంచు ఉంది. పదమూడు మందిమి. రేకుల బంకర్లు మూడు, కిరోసిన్ పొయ్యిలు రెండు, రేడియో సెట్టు ఒకటి, ఇళ్లకు మాట్లాడుకునే శాటిలైట్ ఫోన్ ఒకటి. కిందికి దారి ఒక్కటే. గట్టి వాన పడితే అదీ కొండచరియల కింద పోతుంది.

నేను పోస్ట్ హవల్దార్‌ని. కాపలా ఎవరిది ఎన్ని గంటలకు, సెలవు ఎవరిది ఏ తేదీకి అనే చార్టు నా చేతి రాత. జనగామలో మాది టోకు కిరాణా దుకాణం. షావుకారి కొడుకు ఫౌజులో చేరాడని మా బజారంతా నవ్వింది. తూకం తెలిసిన చెయ్యి కాబట్టి చార్టు సరిగ్గా రాస్తానని సుబేదార్ సాబ్ మాత్రం మెచ్చుకునేవాడు. ఆయన పోస్ట్ కమాండర్. ఉత్తరాది మనిషి. మాట కరుకు గానీ న్యాయం తప్పడు.

మన వైపు వాళ్లం ముగ్గురం ఉన్నాం. మెషిన్‌గన్ మీద ఉండేవాడు మహబూబాబాద్ ముస్లిం. రేడియో ఆపరేటర్‌ది భూపాలపల్లి జిల్లా, మొగుళ్లపల్లి పక్క పల్లె, వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు. ముగ్గురం కూర్చుని మన మాట మాట్లాడుకుంటుంటే, పోట్లాడుకుంటున్నామేమో అని మిగతా వాళ్లు తొంగి చూసేవాళ్లు. ఆపరేటర్ హెడ్‌ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకునేవాడు. ఉదయం ఆరింటికి "పోస్ట్ నుంచి బేస్‌కు, అంతా క్షేమం, ఓవర్" అంటూనే, వెనక మేము వంటవాణ్ని తిట్టుకునే తిట్లలో ఒకటి తనూ కలిపేవాడు.

ఆగస్టు పదిహేనుకు మన ఊళ్లో మీరు నాకు శాలువా కప్పి ప్రతి ఏడూ ఒకటే అడుగుతారు. అక్కడ అన్ని మతాల పండుగలూ ఎట్లా సర్దుకుంటారని. బాగానే సర్దుకుంటాం. ఒకే రేకు అర మీద దుర్గమ్మ పటం, మక్కా పటం, శిలువ ఉండేవి. దీపావళికి కాపలా మహబూబాబాద్ వాడిది, ఈద్‌కు మాది. అందులో అబద్ధం లేదు. కానీ చార్టుకు గడులుంటాయి. హిందువులకు దసరా, దీపావళి. ముస్లింలకు ఈద్, ముహర్రం. ఏ గడిలోనూ పట్టనివాడి పండుగ పండుగే కాదు.

నెలకు ఇద్దరే కిందికి దిగాలి. ఆగస్టులో ఒక చోటు చెల్లెలి పెళ్లి ఉన్న జవానుకు పోయింది. రెండోది ముహర్రం గడి. పోస్టులో ముస్లిం ఒక్కడే కాబట్టి మహబూబాబాద్ వాడి పేరు రాశాను. వాడు మరుసటి రోజే వచ్చాడు.

"నాకొద్దన్న. మా ఇంట్ల పీరీలు పట్టరు. ఉపాసముంటం, నమాజ్ చదువుకుంటం. గది ఈడ గూడ అయితది. గా సెలవు ఆపరేటర్‌కియ్యి. ఆల్లింట్ల పీరీ ఉన్నది."

మన పల్లెల్లో పీర్ల పండుగ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పీరీ అంటే పొడుగు కర్రకు బిగించిన లోహపు పంజా. దానికి మొక్కిన వాళ్లు దట్టీలు, అంటే రంగు గుడ్డలు, కడతారు. పదో రోజు తెల్లవారి దాన్ని ఎత్తుకుని నిప్పుల గుండం దాటాలి. ఆ గుండాన్ని అలావ అంటారు. ఎత్తేది చాలా ఊళ్లలో హిందువులే. ఆపరేటర్ ఇంట్లో నాలుగు తరాలుగా ఎత్తుతున్నారు. రెండేళ్ల కింద తండ్రికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. అప్పటి నుంచి కొడుకు ఎత్తుతున్నాడు.

"నేను పోకుంటే బాపు ఎత్తుతడన్న," అన్నాడు ఆపరేటర్. "ఇంకోలకియ్యడు. గా కాలుతోని అలావ దాటుడు ఆయనతోని కాదు."

నాకు ఇదంతా కొత్త కాదు. జనగామలో పీరీలు మా దుకాణం ముందు నుంచే పోయేవి. మా నాయిన గద్దె దిగి ఊదు వేసి, ఎండుకొబ్బరి కుడుకలు చేతికిచ్చేవాడు. నేను ఆ పొగలో పెరిగాను.

కానీ ఆ ఏడు ముహర్రం శ్రావణంలో పడింది. పదో రోజు శుక్రవారం, ఆ రోజే వరలక్ష్మీ వ్రతం. నాకు ఆలస్యంగా పెళ్లయింది, నా భార్యకు అది మొదటి నోము. పక్కన పీట ఖాళీగా ఉంటే చుట్టాలు ఏమంటారోనని మా అమ్మ రెండు ఉత్తరాలు రాసింది.

ఆగస్టు రెండు, సాయంత్రం నాలుగు. వాన. సుబేదార్ సాబ్ బంకర్‌లో చార్టు ముందేసుకుని ఉన్నాడు. ఆపరేటర్ మూలన సెట్టు ముందు, మా వైపు వీపు పెట్టి, బేస్ చెప్పే వాతావరణం రాసుకుంటున్నాడు. సాబ్ గొంతు తగ్గించి నన్ను హిందీలో అడిగాడు. హిందువు ముహర్రం సెలవు అడగడం ఆయన ఎన్నడూ వినలేదట. "నువ్వు ఆ ప్రాంతం వాడివే. నిజంగా ఉందా, వీడు కథలు చెబుతున్నాడా?"

అవునంటే ఇచ్చేవాడే. ఆ ఒక్క మాట కోసమే అడిగాడు.

"మా ఇంట్లో లేదు సాబ్," అన్నాను.

అది నిజం. నిజాన్ని అంత నీచంగా వాడుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. సరే, ఆ చోటు ఇంకెవరికైనా రాయి అన్నాడు సాబ్. ముహర్రం గడిలో నా పేరు రాసుకున్నాను. ఆపరేటర్ తల తిప్పలేదు. నేను ఎంత చెప్పినా సాబ్ ఒప్పుకోలేదని వాడికి తర్వాత చెప్పాను. "సరే అన్న," అని పెన్సిల్ చెక్కుకున్నాడు.

శుక్రవారం నేను జనగామలో మా ఇంట్లో పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాను. పూర్ణాలు తిన్నాను. శనివారం పగలు రెండింటికి సుబేదార్ సాబ్ ఫోన్ చేశాడు. ఆపరేటర్ తండ్రి నిప్పుల్లో పడి, ఆ ఉదయం వరంగల్ దవాఖానలో ప్రాణం వదిలాడు. చరియలు విరిగి పోస్టు దారి మూసుకుపోయింది, కొడుకు దిగే వీలు లేదు. దగ్గరలో ఉన్నది నువ్వే, యూనిఫాం వేసుకుని యూనిట్ తరఫున వెళ్లు అన్నాడు. అది ఆర్డర్.

ఆదివారం హనుమకొండకు, అక్కడి నుంచి పరకాలకు బస్సులు మారాను. మొగుళ్లపల్లి నుంచి ఆటో. పత్తి చేలు నీళ్లు పట్టి ఉన్నాయి. నేను చేరేసరికి పాడె కడుతున్నారు. పాలివాడొకడు జరిగింది చెప్పాడు. నేనెత్తుతానని నలుగురు ముందుకొచ్చినా ముసలాయన వినలేదట. మూడో అడుగుకు ఎడమ కాలు మడత పడింది. మోకాళ్ల మీద పడ్డాడు, ఛాతీ దాకా కాలింది. రెండు చేతులూ పైకెత్తే ఉంచాడు. ఇంకొకరు పీరీ అందుకునేదాకా లేవలేదు.

గుడ్డ తీసి చూపించారు. అరచేతుల మీద చిన్న బొబ్బ కూడా లేదు.

వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "జనగామ అన్నంటే నువ్వేనా బిడ్డ? సెలవు కోసం శాన తండ్లాడినవట గదా. మావోడు ఫోన్ల చెప్పిండు. నీ కడుపు సల్లగుండ."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను టోపీ సర్దుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. పాడెకు ఒక భుజం పట్టాను. కొడుకు పట్టాల్సిన పక్కన నన్ను నిలబెట్టారు, వాడి దోస్తువని. పీరీ నుంచి విప్పిన ఆకుపచ్చ దట్టీ ఆమె మడిచి నా చేతిలో పెట్టింది, కొడుక్కి ఇమ్మని. దాని అంచు మాడి ఉంది.

దారి తెరుచుకునేసరికి సెప్టెంబర్ వచ్చింది. అప్పటికి తండ్రి దినాలు కూడా అయిపోయాయి. వాడి బదులు పనిచేసే ఇంకో ఆపరేటర్‌ను వెంటబెట్టుకుని నేను పోస్టుకు ఎక్కాను. మా ఆపరేటర్ సెట్టు ముందే ఉన్నాడు. గడ్డం పెరిగింది. దట్టీ ఇచ్చాను. మాడిన అంచును వేలితో తడిమి చూసుకున్నాడు.

"పీరీ కిందపడ్డదా అన్న?"

"లేదు. బాపు పడనియ్యలే."

తల ఊపాడు. చెప్పేద్దామని మొదలుపెట్టాను. "తమ్మి, గా రోజు సాబ్ నన్నడిగినప్పుడు..."

"ఇన్న," అన్నాడు. "మా ఇంట్ల లేదు అన్నవు."

అప్పుడు చూశాను. హెడ్‌ఫోన్ ఎప్పటిలాగే ఎడమ చెవికి ఉంది.

"మరి ఇంట్ల గట్లెందుకు చెప్పినవ్?"

"ఇంకేం చెప్పాలె? మనోడే వద్దన్నడంటే అవ్వ తట్టుకుంటదా? ఫౌజుల నాకోసం ఒకలన్న ఉన్నరనుకోనియ్యి." హెడ్‌ఫోన్ తీసి బదులు వచ్చినవాడికి ఇచ్చాడు. నాకు సెల్యూట్ చేశాడు, హవల్దార్‌కు చెయ్యనక్కరలేకపోయినా. మధ్యాహ్నం ఒంటి గంటకు దిగిపోయాడు. సెలవు నుంచే వేరే యూనిట్‌కు బదిలీ అడుక్కున్నాడు. మళ్లీ కనబడలేదు.

రెండేళ్లకు నేనూ ఇంటికొచ్చాను. ఇప్పుడు జనగామ బయట ఒక పత్తి మిల్లులో కాపలావాళ్ల డ్యూటీ చార్టు రాస్తాను. అక్కడ కూడా అచ్చువేసిన గడులే. మొన్న పాలకుర్తి వైపు హిందువు ఒకడు పీరీలకు రెండు రోజులు కావాలని వచ్చాడు. వాడు నోరు పూర్తిగా తెరవకముందే సంతకం పెట్టాను. మంచి సారు అని వాడు పదిమందికి చెప్పుకుంటున్నాడు. నాకు ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది.

ముసలాయన చేతులు ఒక్కోసారి మరిచిపోతాను. మరిచిపోలేనిది ఆ రెండో తారీఖు సాయంత్రం. రేకు మీద వాన, నా వైపు ఆపరేటర్ వీపు, కాగితం మీద కదలకుండా ఆగిన పెన్సిల్. చలికి పగిలి ఎర్రబడ్డ కుడి చెవి, నా నోటికి నాలుగడుగుల దూరంలో, ఏమీ కప్పుకోకుండా.