చదరంగపు పరిశీలకుడు వచ్చిన రోజు

మొన్న ఆదివారం మా వీధి యువకులు క్యారమ్స్ పోటీకి అనుమతి కోరుతూ దరఖాస్తు రాయించుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడి ఇంట్లో తెల్లకాగితాలకూ, తప్పులు పట్టే కళ్ళకూ కొదవ ఉండదని వారి నమ్మకం. నేను కాగితం ముందుకు లాక్కొన్నాను. నేను రాసిన దరఖాస్తులన్నింటిలోకీ ఎక్కువ అనుమానాలు మూటగట్టుకొన్నది ఒకటి గుర్తుకు వచ్చింది. తెలంగాణ ఏర్పడిన కొన్నేళ్ళకు, మర్రిగూడ సమీపంలోని మా అత్తవారి ఊళ్ళో చదరంగం పోటీ జరుపుకోనివ్వమని రాసినది అది.

ఆ పోటీకి మూలం మా బావమరిది. అక్కడి బోరునీళ్ళు చిన్ననాటి నుంచీ అతని ఎముకలను పట్టుకొన్నాయి. నలభై దాటేసరికి నడుము వంగింది, మెడ పక్కకు తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి నిదానంగా చూసేవాడు. అందువల్ల పలకరించిన ప్రతివారినీ విచారణ చేస్తున్నట్లు కనిపించేవాడు. చదరంగంలో మాత్రం చుట్టుపక్కల అతనికి ఎదురులేదు. గొర్రెలు కాసేవారి నుంచి మండల కార్యాలయపు గుమస్తా వరకూ అందరూ అతని అరుగు మీద ఓడిపోయినవారే. అయితే చదరంగం సంఘం గుర్తించిన పోటీలో ఆడితే తప్ప ఆటగాడిగా పేరు నమోదు కాదు. ఆ పోటీలేమో నల్లగొండలోనో హైదరాబాదులోనో జరిగేవి. బస్సు కుదుపులకు అతని మెడ ఓర్చదు.

"బావా, సర్కారు కాయితాలల్ల నా పేరు ఒక్కకాడనే ఉన్నది, ఫ్లోరైడు రోగుల లిస్టుల. సచ్చేలోపట ఇంకో లిస్టుల గూడ పడాలె. నేను ఆటకాడికి పోలేను. ఆటనే ఈడికి రావాలె" అన్నాడు ఒకనాడు.

దరఖాస్తు నేనే రాసి, నిర్వాహకుడిగా నేనే సంతకం చేశాను. పంచాయతీ కార్యదర్శి దానిని రెండుసార్లు చదివి, "సారు, చదరంగమంటరు, ఆఖరికి పేకాట గిట్ల పెట్టరు గద?" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నన్ను! పోలీసు స్టేషనులో, ఆట జరిగేటప్పుడు తలుపులు మూస్తారా, తెరుస్తారా అని అడిగారు. తెరిచే ఉంచుతామని హామీ రాసి ఇచ్చాను. వారి స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి కాబట్టి కోపం తెచ్చుకోలేదు. చివరకు చదరంగం సంఘం వారు, జిల్లా నుంచి మనిషిని పంపి స్థలం పరిశీలిస్తామనీ, ఆయన సరేనంటేనే అనుమతి అనీ కబురు చేశారు. ఉత్తరంతో పోయేదానికి మనిషి దేనికని నాకు మనసులో ఒక ముల్లు గుచ్చుకొంది. ఆయన రాకలో ఏ లోపమూ ఉండరాదని, పంచాయతీ గోడ మీద నా దస్తూరితో ఒక ప్రకటన అంటించాను: "బుధవారం ఉదయం జిల్లా నుండి పరిశీలకులు వచ్చుచున్నారు. గ్రామస్థులు సహకరించగలరు."

బుధవారం ఆయన భుజాన సంచితో బడి ఆవరణలో అడుగుపెట్టేసరికి ఊరు ఊరంతా వరుసకట్టి ఉంది. ప్రతివారి చేతిలోనూ నీళ్ళ సీసా. మగవారు పంచెలు మోకాళ్ళ పైకి మడిచారు, వంకర తిరిగిన కాళ్ళు కనిపించేటట్లు. ఒక అవ్వ ముందుకు వచ్చి తన సీసాను ఆయన చేతిలో కుక్కింది.

"సారూ, ఇది మా బోరుది. పోయినసారొచ్చినాయన గూడ పట్కపోయిండు. ఏమున్నదో చెప్పకపాయె. నువ్వన్న చెప్తవా?"

"నీళ్ళేంది అవ్వా? నేను బల్లలు చూడనీకె వచ్చిన."

"ఏందీ, గిప్పుడు రోగానికి బల్లలు గూడ కొలుస్తున్నరా?"

వరుసలో నవ్వులు లేచాయి. పరిశీలకుడు నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఏంది సార్ ఇది? కాయితంల పోటీ అని రాసిండ్రు, ఈడ చూస్తె ధర్నా లెక్కున్నది. నన్ను ముందల నిలబెట్టి ఫోటోలు తీస్తరా?" అన్నాడు. నాకూ అదే అనుమానం వచ్చింది, అయితే బావమరిది మీద. ఆట పేరు చెప్పి ఊరి గోడు వినిపించుకొనే ఎత్తుగడ వేశాడేమోనని, "ఇదంతా నీ పనేనా?" అని గద్దించాను.

అతను ఒళ్ళంతా నా వైపు తిప్పాడు. "నీ పనే బావా. గోడ మీద రాసింది నువ్వే గద. మా ఊరికి జిల్లాకెళ్ళి పరిశీలన అంటె నీళ్ళు, కాళ్ళు, గంతే. ఇంకోదానికి ఎన్నడన్న ఒకలు వచ్చిండ్రా?"

ప్రకటనలో చదరంగం అన్న మాటే నేను రాయలేదు. విషయం రాయని పిల్లల ఉత్తరాలకు మార్కులు తెగకోసిన చేయి ఇది. జరిగినది పరిశీలకుడికి వివరించబోతే, ఆయన దృష్టి మరొకచోట పడింది.

"ఈయన మీకేమైతడు?"

"బావమరిది."

"అంటె, పోటీ పెట్టేది మీరు, ఆడేది మీ బామ్మర్ది." ఆయన కలం మూత బిగించి జేబులో పెట్టుకొన్నాడు. అనుమతి అక్కడితో పోయిందనే అనుకొన్నాను.

"అవు సారు, నాకోసమే పెడుతున్నం" అన్నాడు బావమరిది. "దాసేదేమున్నది? అనుమానమైతె మీరే ఒక ఆట ఆడుండ్రి."

పరిశీలకుడు సంచి విప్పాడు. అందులో చదరంగం పలకా, పావులూ, జంట గడియారమూ ఉన్నాయి. ఎత్తు వేసి గడియారం నొక్కేవరకూ ఆ ఆటగాడి సమయమే కరుగుతుంది, అది అయిపోతే ఓడినట్లే. కూర్చుంటే ముందుకు వంగలేడు కనుక బావమరిది నిలబడి ఆడాడు. పావు జరిపిన చేతితోనే గడియారం నొక్కాలన్నది నియమం. ప్రతి ఎత్తుకూ అతను ఒళ్ళంతా తిప్పి ఆ కుడిచేతినే తెచ్చి నొక్కాడు. ఎడమచేయి వాడితే పట్టుకొందామని పరిశీలకుడు కళ్ళు అక్కడే నిలిపాడు. ఆ మధ్యలో ఆయన మంత్రి పోయింది. "ఏంది సారు, మా పోరనికాడ జర చూసుకోని ఆడరాదు!" అన్నది అవ్వ.

ఆయన ఆట ఆపి కలం తీశాడు. "స్థలం అనుకూలం అని రాస్తున్న. ఇంకోటి సార్, గిట్లాంటోళ్ళకు గడియారం నొక్కనీకె పక్కన మనిషిని పెట్టొచ్చు, నియమం ఉన్నది. అది గూడ రాయాల్నా?"

నేను క్షణమైనా ఆలోచించలేదు. "అవసరం లేదు. బంధువుకు వెసులుబాటు ఇచ్చామని రేపు ఎవరూ వేలు చూపరాదు" అని, ఆ మేరకు సంతకం కూడా చేశాను. అప్పటికే జనాన్ని దాటి తన అరుగు మీదికి వెళ్ళిపోయిన బావమరిదిని అడగాలని తోచలేదు.

అనుమతి వచ్చింది, పోటీ జరిగింది. బావమరిది వరుసగా గెలుస్తూ చివరి ఆటకు చేరాడు. అందులోనూ అతనిదే పైచేయి. గెలుపు ఖాయం చేసే ఎత్తు వేసి, గడియారం వైపు ఒళ్ళు తిప్పుతూ ఉండగానే అతని సమయం అయిపోయింది. అచ్చయిన జాబితాలో పేరు రెండవ స్థానంలో పడింది. దానిని నేను తీసుకువెళ్ళి ఇచ్చినపుడు వేలితో తడిమి, "పోనియ్ బావా, పేరైతె పడ్డది గద" అన్నాడు. పక్కన మనిషిని పెట్టుకొనే వీలుండిందని అతనికి నేను ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రోజు గడియారం ఏ దోషమూ లేకుండా నడిచింది. చేయి చాపితే అందుకొనేవాడికీ, దాని కోసం ఒళ్ళంతా తిప్పవలసినవాడికీ అది ఒకే లెక్కన నిమిషాలు పంచింది. ఆ ఇద్దరి నిమిషాలూ ఒకే పొడవు గలవని సంతకం చేసినవాణ్ణి మాత్రం నేను.