డాక్టరుగారు కట్టిన మల్లెదండ

మా పెళ్లిలో తాళి కట్టడానికి మా ఆయనకు పట్టినంత సేపు విజయనగరంలో ఏ పెళ్లికొడుక్కీ పట్టి ఉండదు. అప్పట్లో ఆయన సర్జరీ చదువుతున్నారు. కుర్చీ చేతికి, మంచం కోడుకి, ఎక్కడ దారం చుట్టగలిగితే అక్కడ ముళ్లు వేసి చెయ్యి సాధన చేసే రోజులు. ఆ ఊపులో నా మెడలో కూడా ఆపరేషన్ ముళ్లే వేసేశారు. పదహారు రోజుల పండగనాడు పసుపుతాడు మారుద్దామంటే ముడి ఊడదే! కత్తెర పెట్టడం అశుభం. మా అత్తగారికి ఒళ్లు మండింది.

“ఏటిరా ఇది? పెళ్లాం మెళ్లో తాళి కట్టినావా, గేదెకి పలుపేసినావా? ఏసినోడివి నువ్వే ఇప్పు!”

ఆయన సూది పట్టుకుని నా వెనక కూర్చున్నారు. అరగంట పట్టింది. వేళ్లు మెడకు తగులుతుంటే నాకు చక్కిలిగిలై నవ్వాగలేదు. దాంతో నాకూ అక్షింతలు పడ్డాయి.

ఆ తరవాత ఆయన ముళ్లకు మంచి దారి దొరికింది. రోజూ ఆసుపత్రి నుంచి వచ్చి స్నానం చేసి, టీ తాగి, వరండాలో కూర్చుని నాకు మల్లెలు కట్టేవారు. మల్లెలు లేని రోజుల్లో కనకాంబరాలు. పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుంటూ కట్టేవారు, ఫోన్లో ఎవరి కుట్ల గురించో మాట్లాడుతూ కట్టేవారు. “చేతికి పని తప్పకూడదు” అనేవారు. మర్నాడు నేను అవి పెట్టుకుని బడికెళ్తే తోటి టీచర్లు “డాక్టరుగారి దండ వచ్చింది” అని ఆటపట్టించేవారు. నాకు గర్వంగానే ఉండేది, దాచడం ఎందుకు? వాడి వడలిపోయినా ఒక్క పువ్వు జారేది కాదు.

అరవై అయిదు దాటినా ఆయన ఆపరేషన్లు మానలేదు. ఆ రోజుల్లో ఒకసారి అరసవల్లి వెళ్లాం. దర్శనం వరసలో నా వెనకావిడ భుజం తట్టింది. “అమ్మా, నీ పువ్వులు రాలిపోతన్నాయి, సూసుకో.”

దారం మంచిది కాదేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ సాయంత్రం ఆయన పూలు కడుతుంటే కళ్లప్పగించి చూశాను. కుడి బొటనవేలు సన్నగా వణుకుతోంది.

వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన దండ చేతికివ్వగానే వంటింట్లోకి వెళ్లి, విప్పి మళ్లీ బిగించి కట్టుకునేదాన్ని. అలా నెల్లాళ్లు. పరీక్షలో చీటీ దాచిన పిల్లల్ని నిలబెట్టి కడిగేసిన టీచరమ్మని నేను! ఆ చేతులంటే ఆయనకు ప్రాణం. ఆ మాట నా నోటితో ఎలా అనను?

అప్పుడే నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే ఒకావిడ వచ్చింది. ఏనాడో ఆవిడ అపెండిక్స్ ఆయనే తీశారు. ఇప్పుడు కడుపులో గడ్డ. ఈ డాక్టరుబాబు చెయ్యి పడితేనే బతుకుతానని ఆవిడ నమ్మకం. “సోమవారం చేసేస్తాను” అన్నారాయన, పూలు కడుతూనే.

దండ ఇచ్చారు. నేను వంటింట్లోకి వెళ్లలేదు. ఆయన ఎదురుగానే నిలబడి దాన్ని దులిపాను. సగం పూలు ఆయన ఒళ్లో పడ్డాయి.

“ఈ దారం...” అన్నారు.

“దారం కాదండీ. నెల్లాళ్లుగా నేనే మళ్లీ కట్టుకుంటున్నాను.”

ఆయన నామీద గొంతు పెంచింది ఆ ఒక్కరోజే. “నెల్లాళ్లా? పువ్వు జారితే నువ్వు కట్టుకున్నావు. మనిషి కడుపులో ముడి జారితే ఎవరు కడతారు?”

నేను ఏడ్చేశాను. ఆయన చెయ్యి చాపి తన బొటనవేలు చూసుకున్నారు. తరవాత, తన దగ్గర పని నేర్చుకున్న లేడీ సర్జన్‌కి ఫోన్ చేశారు. సోమవారం కేసు నువ్వే చెయ్యాలమ్మా అన్నారు.

నౌపడావిడ ఒప్పుకుంటేనా! “నువ్వు కొయ్యకపోతే నానెల్లిపోతాను బాబూ.”

“ఎక్కడికెళ్తావు, పడుకో. సెయ్యి ఈ అమ్మది, కన్ను నాది. పక్కనే ఉంటాను.”

ఉన్నారు, చివరి కుట్టు పడేదాకా. ఆవిడ కులాసాగా లేచి, నెల తిరక్కుండా సంచీడు ఉప్పు పట్టుకొచ్చి మా గుమ్మంలో దింపింది. ఆయన మళ్లీ కత్తి పట్టలేదు. నాలుగు రోజులు పూలు కూడా ముట్టుకోలేదు. అయిదోరోజు పూలబుట్ట ముందేసుకున్నారు.

ఇప్పటికీ కడుతున్నారు, వదులుగానే. నేను నడిచిన దారంతా మల్లెలే. మొన్న బజారు నుంచి వచ్చేసరికి జడలో నాలుగు పూలు మిగిలాయి. “బిగించి కట్టుకోకపోయావా?” అన్నారు.

“కట్టుకోను. ఈ ముడి జారితే ఎవరికీ ఏమీ కాదు.”

ఆయన నన్ను అటు తిరగమని, ఆ నాలుగూ సర్దడం మొదలుపెట్టారు. వణికే వేళ్లు మెడకు తగులుతుంటే, పదహారు రోజుల పండగనాటిలాగే నాకు నవ్వాగలేదు.